ఎముక లేని తోక

బోధన్ వెళ్ళొచ్చానంటే మా పోర్ట్ బ్లెయిర్‌లో అందరూ ఒకటే మాట అడిగారు. "అక్కడేముందండీ చూడ్డానికి?" ఏమీ లేదు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఒకటుంది. దాని చుట్టూ ఒకప్పుడు చెరుకు పండిన నల్లరేగడి నేలలున్నాయి. పనిగట్టుకుని చూడ్డానికి వెళ్ళే చోటు కాదది. నేనూ చూడ్డానికి వెళ్ళలేదు. కానీ చూసింది ఇప్పట్లో కళ్ళముందు నుంచి పోయేట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

మా తాత శ్రీకాకుళం నుంచి ఓడెక్కి అండమాన్‌లో దిగాడు. నేను దీవిలోనే పుట్టి, దీవిలోనే సైన్సు పాఠాలు చెప్పి, అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడైనా మెయిన్‌లాండ్ వెళ్ళినా చెన్నైలో ఓ పెళ్ళి, తిరుపతిలో ఓ దర్శనం, మళ్ళీ ఇంటికి. ఈసారి దారి తప్పించింది నలికిరి.

నలికిరి అంటే తెలియనివాళ్ళకి నలికండ్ల పాము అంటే తెలుస్తుందేమో. పాము కాదు, బల్లి జాతి. పాములాగా నున్నటి ఒళ్ళు, బల్లిలాగా నాలుగు పొట్టి కాళ్ళు. మా దీవి అడవిలో ఉండే నలికిరి మెయిన్‌లాండ్‌లో కనిపించదు. మోచేయంత పొడవు, కంచు రంగు ఒళ్ళు. వాన వెలిసి ఎండ పొడ పడగానే కూలిన మానుల మీదికొచ్చి కూర్చుంటుంది. ఆదివారమొస్తే దాన్ని చూడ్డానికే అడవికి పోవడం నాకు ఎన్నో ఏళ్ళుగా అలవాటు. తడిసిన బట్టలతో ఇంటికొస్తే "మీ చుట్టం కులాసాయేనా?" అంటుంది మా ఆవిడ.

మా వెనక వాటాలో లింబాద్రి అని రోడ్డు రోలరు నడిపే అతను అద్దెకుంటున్నాడు. బోధన్ పక్క పల్లెవాడు. అతని అన్న సాయన్నకి షుగరు. చెరుకు నరికిన మోడు గుచ్చుకుని కాలికి పుండు పడింది, అది కుళ్ళుతోంది. తీసెయ్యకపోతే ప్రాణానికే ముప్పని డాక్టర్లు చెప్పినా అన్న ఒప్పుకోవడం లేదట. "మీరు చెన్నై దాకా పోతుండ్రు గద సార్, జర అట్లనే పోయి సమజ్ జేయుండ్రి. సదువుకున్నోళ్ళ మాటంటే మా అన్నకు ఇజ్జత్" అని లింబాద్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెన్నై నుంచి నిజామాబాద్ 'అట్లనే' పోయేంత దగ్గరేమీ కాదు. అయినా సరేనన్నాను. నేనొస్తున్నానని అతను ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాడో మాత్రం అడగలేదు. అడగాల్సింది.

పసుపు వాసన

నిజామాబాద్‌లో దిగేసరికి ఎండ అప్పుడే కరుస్తోంది. పసుపు మార్కెట్‌కి వచ్చే కాలం. రోడ్డంతా బస్తాల బండ్లే. మాకు పసుపంటే ఓడలో వచ్చే ప్యాకెట్టు. అది ఇన్ని బస్తాలుగా, ఇంత మట్టి వాసనతో ఉంటుందని అరవై ఏళ్ళు దాటాక తెలిసింది. నా తెల్లచొక్కా సాయంత్రానికి పెళ్ళికొడుకు చొక్కాలా తయారైంది.

చాయ్ కొట్టులో నా బల్లకే ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఏర్గట్ల నుంచి పసుపు తెచ్చిన రైతు. నా భాష విని ఏ ఊరన్నాడు. చెప్పాను.

"అండమానా?" అని గ్లాసు కింద పెట్టాడు. "జైలుకు పోయిన ఖాన్‌దానా మీది?"

కాదండీ, కూలికి వెళ్ళిన కుటుంబమని చెప్పాను. ఆయన కాస్త నిరాశపడ్డట్టు కనిపించాడు. అయినా నా చాయ్ డబ్బులు కూడా ఆయనే ఇచ్చి, "గంత దూరం నుంచి వచ్చిండ్రు, పది రూపాయల కాడ నాకు అడ్డం రాకుండ్రి" అన్నాడు. చాయ్ చిక్కగా, పాలు మరిగి మరిగి తియ్యగా ఉంది. మా దీవిలో పాలపొడి టీకి అలవాటుపడిన నాలుక చాలాసేపు ఆ రుచి వదల్లేదు. ఈ యాత్రలో సంతోషంగా గడిచిన గంట అదొక్కటే.

జాడీలో చుట్టాలు

బోధన్ బస్సు కోసం వెళ్తుంటే రోడ్డు పక్కన జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో నేలమీద గుడ్డ పరిచి, దాని మీద చిన్న చిన్న నూనె సీసాలు వరుసగా పెట్టుకుని ఒకడు అరుస్తున్నాడు. పక్కన మూతకి చిల్లులు పొడిచిన రెండు ప్లాస్టిక్ జాడీలు. వంగి చూశాను. లోపల నలికిర్లు. ఒకదాని మీద ఒకటి, ఎండలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. సగానికి సగం వాటికి తోకల్లేవు.

"అండమాన్ జంగిల్ మాల్ సాబ్! సముద్రం దాటొచ్చింది. దీని తోక తెగితే మళ్ళొస్తది. గసొంటి జానవర్ నూనె రాస్తే తెగిన నరం రాదా, కుళ్ళిన కండ రాదా?"

నాకు ఒళ్ళు మండింది. అవి మా అడవివి కావు. ఏ చేలోనైనా, ఏ పెంటకుప్ప పక్కనైనా తిరిగే మామూలు నలికిర్లు, నా జానెడు కూడా లేవు. జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి, "నేను అండమాన్ వాణ్ణి. ఇవి అక్కడివి కావు" అన్నాను గట్టిగా. వీటిని పట్టడం నేరమని కూడా అన్నాను.

అతను తడుముకోనైనా లేదు. లేచి నా చెయ్యి పట్టుకుని జనం వైపు తిప్పాడు. "అల్లా పంపిండు సాబ్ మిమ్మల్ని. మీరే చెప్పుండ్రి వీళ్ళకు. తోక తెగితే మళ్ళొస్తదా, రాదా? అబద్ధం ఆడకుండ్రి."

"వస్తుంది, కానీ..." అన్నాను.

నా 'కానీ' ఎవరికీ అక్కర్లేకపోయింది. అండమాన్ సారు స్వయంగా చెప్పాడని నా కళ్ళముందే సీసాలు చేతులు మారాయి. కాలికి కట్టు కట్టుకున్న ఒకామె కూడా కొనుక్కుంది. నేను మాట్లాడేకొద్దీ అతని వ్యాపారం పెరుగుతోందని గ్రహించి నోరు మూసుకుని బస్సెక్కాను. కోపం బోధన్ దాకా తగ్గలేదు. సగం కోపం నా మీదే.

చెరుకు లేని దారి

దారి పొడుగునా వరి. పచ్చగా, నీళ్ళతో, కంటికి ఇంపుగానే ఉంది. పక్క సీటాయన మాత్రం దాన్ని చూసి పెదవి విరిచాడు. ఒకప్పుడు ఈ రోడ్డున చెరుకు బండ్లు ఆగకుండా పోయేవనీ, వెనక పిల్లలు పరుగెత్తి గడలు లాక్కునేవాళ్ళనీ, ఫ్యాక్టరీ సైరను కూస్తే ఇళ్ళలో అన్నం కుండ దించేవాళ్ళనీ చెప్పాడు. దూరంగా పొగ లేని గొట్టం కనిపించగానే మాట ఆపేశాడు.

బోధన్ బజారులో సగం మంది తెలుగు, సగం ఉర్దూ, మధ్యలో మరాఠీ. మా పోర్ట్ బ్లెయిర్‌లోనూ ఇన్ని భాషలుంటాయి గానీ మేమందరం హిందీలో రాజీపడిపోతాం. ఇక్కడ ఎవరి భాషలో వాళ్ళే బేరమాడుతున్నారు, బేరం కుదురుతోంది కూడా. ఆటో పట్టుకుని లింబాద్రి చెప్పిన పల్లెకి వెళ్ళాను. ఊరి చివర రెండు గదుల ఇల్లు, ముందర రేకుల పందిరి, దాని వెనకే ఎకరం చెరుకు తోట. చుట్టూ అంతా వరి కావడంతో, నాట్ల నీళ్ళ మధ్య ఆ చెరుకు చెక్క మా వైపు చిన్న దీవిలాగే కనిపించింది.

ప్యాన్ మనిషి

సాయన్న భార్య లసుమవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి "కాళ్ళు కడుక్కోండ్రి సారూ" అంది. కడుక్కుంటుంటే పందిట్లో మంచం మీద కూర్చున్న మనిషి నా కాళ్ళకేసే చూస్తున్నాడని తెలిసింది. తలకి తువ్వాలు, తెల్లటి మీసం, ఎడమ కాలికి మోకాలి కింద నుంచి కట్టు. నమస్కారం కూడా కాకముందే ఆయన అడిగాడు.

"తెచ్చిండ్రా సారూ?"

"ఏమిటండీ?"

"మందు. అసలు నలికీసు మీ దీవిలనే ఉంటదట గద. సారు తీస్కొస్తుండు, జర ఓపిక పట్టమని మా తమ్ముడు ఫోన్ జేసిండు."

నలికీసంటే వాళ్ళ వైపు నలికిరే. లింబాద్రి పని అదీ. నేనొస్తే గుమ్మంలోకి రానివ్వరేమోనని నా చేతిలో లేని మందు పెట్టి పంపాడు. నా సంచిలో ఉన్నదల్లా చెన్నైలో కొన్న మైసూర్‌పాకు డబ్బా. షుగరు మనిషి ఇంటికి మైసూర్‌పాకు తెచ్చిన ఘనుణ్ణి నేనే అయ్యుంటాను. తియ్యక తప్పక తీశాను. సాయన్న దాన్ని చూసి పగలబడి నవ్వాడు.

"జన్మంత సక్కెర పండించిన, సక్కెరే నన్ను తింటుంది. మీరు గింత తెస్తే ఏమైతది, పెట్టుండ్రి" అన్నాడు.

లసుమవ్వ ఒక్క ముక్క కూడా ఆయన చేతికివ్వకుండా డబ్బా లోపలికి తీసుకుపోయింది.

భోజనానికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం పెట్టింది. చేప లేకుండా ముద్ద దిగని దీవి మనిషిని నేను. ఆ పచ్చిపులుసు మాత్రం గిన్నె వంచుకుని తాగాను. కానీ మంచం వైపు నుంచి గాలి తిరిగినప్పుడల్లా వాసన. రుమాలు తియ్యబోయి, ఆయన చూస్తాడని మానుకున్నాను.

"మడ్డి టాంకు వాసనొస్తుంది గద?" అన్నాడు ఆయనే. "సిగ్గు పడకుండ్రి. మాకు అలవాటే."

చక్కెర తీయగా మిగిలిన మడ్డిని నిలవచేసే ఫ్యాక్టరీ టాంకు మాట అది. సాయన్న ఆ ఫ్యాక్టరీలో ప్యాన్ మనిషి. ప్యాన్ అంటే చెరుకు పాకాన్ని మరిగించి చక్కెరగా మార్చే పెద్ద ఇనప పాత్ర. పాకం సరైన అదనుకొచ్చినప్పుడు అందులో చిటికెడు మెత్తటి చక్కెర పొడి వేస్తారు. ఆ పొడి రవ్వల చుట్టూ పాకం పేరుకుని పలుకు పెరుగుతుంది. పలుకు ఎంత పెరిగిందో గాజుపలక మీద చుక్క వేసి, వేళ్ళ మధ్య రాసి చెప్పడం ఆయన పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్ళో అందరూ వరికి మళ్ళినా ఈయన మాత్రం తన ఎకరంలో చెరుకే వేస్తున్నాడు. ఆ గడల్ని లారీలో ఎక్కడో దూరం ఫ్యాక్టరీకి తోలాలి. లాభం లేదని తెలుసు. "సెరుకు లేకుంటె ఇది బోధనెట్ల అయితది?" అంటాడు.

లసుమవ్వ కట్టు విప్పి చూపించింది. రెండు వేళ్ళు లేవు. మిగిలినవి నల్లగా, ఎండిన చింతకాయల్లా ఉన్నాయి. నలుపు మడమ దాటి పైకి పాకింది. కట్టు పక్కనే నూనె సీసా. నేను రోడ్డు పక్కన చూసినదే.

"ఇది దొంగనూనె అన్నా. మా దీవి జంతువుది కాదు. అయినా నలికిరికి తోక మొలుస్తుంది గానీ మనిషికి కాలు మొలవదు. అది దాని ఒంటి తీరు."

ఆయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత నా అరచేయి చాపమని, అందులో చిటికెడంత గాలిని పోసినట్టు వేళ్ళు కదిపాడు.

"గింతంత పొడి సారూ. కండ్లకు ఆనది. గది ఏస్తే పొద్దు తిరిగేసరికి ప్యాన్‌నిండ సక్కెర దాణా పెరుగుతుండె. నేను ఎన్నేండ్లు సూసిన! ఇత్తనం మంచిదైతె పెరగనిది లేదు. ఈ నూనె దొంగదైతె అసలు నూనె తేవాలె గని, పెరగనే పెరగదంటె నేనెట్ల ఒప్పుకుంట?"

పాతికేళ్ళు తన వేళ్ళ మధ్య పెరుగుదలని తడిమి చూసిన మనిషి. నా పాఠాలన్నీ ఆయన అనుభవం ముందు తేలిపోయాయి. లోపల లసుమవ్వ గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నిజామాబాద్ డాక్టరు ఇంకా ఆలస్యమైతే తానేమీ చెయ్యలేనన్నాడనీ, రెండు రోజులుగా ఆయనకి జ్వరం తగలడం మొదలైందనీ తర్వాత నాతో చెప్పింది. "మొండి మనిషి. కాలు కోసం పాణం ఇడుస్తుండు. మా ఇద్దరికి మేమే గద సారూ" అంది.

తోక

మర్నాడు చెరుకు నరకడానికి మరాఠీ కూలీల జట్టు వచ్చింది. సాయన్న మంచాన్ని నలుగురూ మోసి గట్టుమీద వేశారు. తన తోట ఎవరో నరుకుతుంటే ఇంట్లో పడుకోలేనన్నాడు. కూలీల పెద్ద ఒకామె, పెళుసు గొంతు, మోకాళ్ళ పైకి బిగించి కట్టిన చీర. కొడవలి వేసిందంటే గడ వేళ్ళకంటా తెగుతోంది.

ఎండుటాకు ఎత్తుతుంటే కింద నుంచి ఒక నలికిరి జరజరా బయటపడింది. ఆ మరాఠీ ఆమె నవ్వుతూ "సాపాచీ మావశీ!" అని అరిచింది. పాముకి పినతల్లి అని వాళ్ళ లెక్క. లసుమవ్వ మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకి చుట్టి దాని మీదికి దూకింది. నూనె కోసం. పట్టుకుంది కూడా. మరుక్షణం నలికిరి వరిగట్టు పక్కకి జారిపోయింది, ఆమె పిడికిట్లో తోక ముక్క గిలగిలా కొట్టుకుంటోంది. కెవ్వుమని దాన్ని వదిలేసింది. అది గట్టుమీద, సరిగ్గా సాయన్న మంచం ముందు పడి చాలాసేపు ఎగిరింది.

ఇంతకన్న మంచి పాఠం నాకు దొరకదనుకున్నాను. మనిషికి మొలవదన్న ముక్క మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే మళ్ళీ ప్యాన్ దగ్గరికే వెళ్తాడు.

"చూశారా అన్నా, ఎవరూ దాని తోక తెంపలేదు. అదే తెంపుకుంది. గద్ద పట్టినా, పిల్లి పట్టినా అంతే. తోక వాటి నోట్లో వదిలేసి పోతుంది. తోక కావాలని పట్టుకు కూర్చుంటే ఒళ్ళంతా పోతుందని దానికి తెలుసు. ఆ తోక మీద మమకారం పెట్టుకున్న నలికిరి ఒక్కటీ బతకదు. మీరు దాని నూనె కాదు, దాని తెలివి తీసుకోండి."

సాయన్న ఆ ముక్క కదలడం ఆగేదాకా చూశాడు. "మల్ల మొలుస్తది గద?" అన్నాడు.

"మొలుస్తుంది. కానీ పాతది రాదు. పొట్టిగా, రంగు మాసి ఉంటుంది. లోపల ఎముక కూడా ఉండదు. చెవి దొప్పలో ఉంటుందే, అలాంటి మెత్తటి పుల్ల ఒకటి ఉంటుంది, అంతే."

"బొక్కే ఉండదా?"

"ఉండదు."

"ముందు ఇడిసిపెట్టాలె. గప్పుడే గద?"

"అవునన్నా. ముందు వదిలెయ్యాలి. వదలకపోతే ఏదీ లేదు."

ఆయన మధ్యాహ్నం దాకా చెరుకు నరకడం చూస్తూ కూర్చున్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, భార్యతో చాలా మామూలుగా అన్నాడు. "ఆటోను పిలువ్. దవఖానకు పోదాం."

లసుమవ్వ నా కాళ్ళ మీద పడబోయింది. నాకు గర్వంతో ఛాతీ ఉప్పొంగిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. లింబాద్రికి ఫోన్ చేసి, మీ అన్నని ఒప్పించానని రెండుసార్లు చెప్పాను.

దవఖాన

నిజామాబాద్ ఆసుపత్రి గురించి ఎక్కువ రాయను. వార్డు నిండా ఇలాంటి కాళ్ళే. చెరుకు మోడు, వరి మోడు, ముల్లు, చెప్పు కరవడం. మొదట ఎంతో చిన్నవే, అందరికీ షుగరే. సాయన్న ఒప్పుకోలు కాగితం మీద ఫ్యాక్టరీలో నేర్చుకున్న పొడవాటి సంతకం చేశాడు. మత్తు ఇవ్వడానికి తీసుకుపోతుంటే నా వైపు తల తిప్పి "పైకంట కొయ్యమనుండ్రి సారూ, ఖరాబు ముక్క ఉండొద్దు" అన్నాడు. ఇంత ధైర్యం నాకుండేదా అని అనుకున్నాను.

మోకాలి కింద తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు.

తెలివొచ్చాక సాయన్న ముందు దాహమన్నాడు. తర్వాత కట్టు కట్టే నర్సుని పిలిచి, "సిస్టరమ్మా, కొసకు జర జాగ ఇడిసి కట్టు" అని బతిమాలాడు. నొప్పికి అంటున్నాడని ఆమె అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను.

బొంద

తీసేసిన కాలుని ఆసుపత్రివాళ్ళు గుడ్డలో చుట్టి ఇంటివాళ్ళకే ఇచ్చారు. నాకు ఆ సంగతి తెలీదు. మా దీవిలో ఎలా చేస్తారో కూడా ఎప్పుడూ అడిగే అవసరం రాలేదు. లసుమవ్వ దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. ఆటోవాళ్ళు మూటలో ఏముందో విని ముందుకెళ్ళిపోయారు. చివరికి ఒక ముసలి ఆటో డ్రైవరు ఎక్కించుకున్నాడు. దిగాక డబ్బు తీసుకోలేదు, ఆ సీటు మాత్రం నీళ్ళడిగి కడుక్కున్నాడు.

ఊళ్ళో ఇంకో చిక్కు. బతికున్న మనిషి కాలుకి ఏం చెయ్యాలి? కాల్చాలా, పూడ్చాలా? వచ్చినవాళ్ళకి మైల ఉందా లేదా? కులపెద్ద ఒకాయన కర్ర ఆనించుకుని చాలాసేపు ఆలోచించాడు. "మనిషి సావలే, కాలొక్కటే సచ్చింది. ఉప్పు, పసుపు ఏసి బొంద పెట్టుండ్రి. తలకు పోసుకునుడు వద్దు. కాళ్ళు కడుక్కుంటె సాలు" అని తేల్చాడు. కాల్చొద్దని సాయన్న కూడా ముందే లసుమవ్వకి చెప్పి పంపాడట.

నరికిన చెరుకు తోటలో, గట్టు పక్కన గుంట తీశారు. నల్లరేగడి గట్టిగా ఉంది. లసుమవ్వ ఇంట్లో ఉన్న పసుపంతా తెచ్చి గుడ్డ మీద పోసింది. ఎవరికీ ఏడవాలో వద్దో తెలియలేదు. ఆమె ఒక్కతే "ఎంత నడిసినవో" అని ఒక్కసారి అని, మన్ను వేసింది. అందరం వరసగా నిలబడి కాళ్ళు కడుక్కున్నాం. నేను నా రెండు కాళ్ళూ కడుక్కుంటుంటే మొదటి రోజు సాయన్న చూపు గుర్తొచ్చింది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళి, పని సవ్యంగా అయిందని చెప్పాను.

"మంచిది. ఇగ గా కాలుతోటి పనేముంది?" అన్నాడు తేలిగ్గా. మనసు గట్టిపడిందని సంతోషించాను.

బయల్దేరే రోజు లసుమవ్వ దారిలో తినమని రొట్టెలు, వెల్లుల్లి కారం మూట కట్టిచ్చింది. గూట్లో ఆ నూనె సీసా అలాగే ఉంది. "పారెయ్యండవ్వా" అన్నాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు. "ఉండనీ సారూ. ఆయన పారెయ్యద్దన్నడు" అంది. బస్సుకి వేళవుతోంది. మూట సంచిలో పెట్టుకుని బయటపడ్డాను.

మళ్ళీ దీవికి

ఇంటికొచ్చాక కొన్నాళ్ళు అందరికీ ఈ కథ గొప్పగా చెప్పుకున్నాను. ఒక నలికిరి మనిషి ప్రాణం కాపాడిందన్నాను. లింబాద్రి మా వాకిట్లో చెప్పులు విప్పకుండా లోపలికి రావడం మానేశాడు, అంత భక్తి. ఒక ఆదివారం వాన వెలిశాక అడవికి వెళ్ళాను. కూలిన గర్జన్ మాను మీద ఒక పెద్ద నలికిరి కూర్చుని ఉంది. కంచు రంగు ఒంటికి పొట్టిగా, మట్టిరంగులో, అతికించినట్టున్న తోక. కొత్తది. దాన్ని చూస్తే సాయన్న గుర్తొచ్చి బాధనిపించలేదు, నవ్వొచ్చింది. బతికావు కదా, అదే చాలు అనుకున్నాను.

ఆ సాయంత్రం లింబాద్రి ఫోను పట్టుకుని వచ్చాడు. అన్న నాతో మాట్లాడతానంటున్నాడట. కుట్లు విప్పారట. గొంతు హుషారుగా ఉంది.

"మంచిగున్న సారూ. పుండు మానింది. జెరం లేదు. లసుమి రోజు పొద్దుగాల కట్టిప్పి సూపెడుతుంది. కొసకు జర గట్టిగ అయితున్నది. మొదలైనట్టే ఉన్నది."

"ఏం మొదలైందన్నా?" అన్నాను. అంటూనే నాకు అర్థమైంది. కొసకు ఖాళీ వదిలి కట్టమన్నది, ఖరాబు ముక్క ఉండొద్దన్నది, కాలితో పనేముందన్నది, సీసా పారెయ్యొద్దన్నది, అన్నీ ఒక్కసారిగా. అరుగు మీద కూర్చున్నాను. ఆయన నా పాఠం అక్షరం పొల్లు పోకుండా విన్నాడు. వదిలేస్తే బతుకుతామని నేను చెప్పాను. వదిలేస్తేనే మొలుస్తుందని ఆయన విన్నాడు. అందుకే ఒప్పుకున్నాడు. అందుకే బతికున్నాడు.

లింబాద్రి నా ముఖంలోకే చూస్తున్నాడు. మా దీవిలో ఫోను సరిగ్గా పలకదు, సగం మాటలు సముద్రంలోనే పోతాయి. ఆ రోజు మాత్రం ప్రతి మాటా పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది.

"ఆత్రం లేదు సారూ, ఎన్ని దినాలైన ఆగుత. పొట్టిగనే ఉండనీ, రంగు లేకున్న మంచిదే. ఒక్కటే పరేషాన్. గా కొత్తదాంట్ల బొక్క ఉండదంటిరి గద. మరి బొక్క లేని కాలు మీద నడుసుడెట్ల?"

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"హలో, సారూ. ఇనవడుతుందా?"

"వినపడుతోందన్నా" అన్నాను.